క్రోటన్: ఆకుల రంగు, పెంపకం, పోషణ

తెలుగునాట రంగుల ఆకుల మొక్క ఏది కనిపించినా క్రోటన్ అనేయడం అలవాటు. కోలియస్, అకాలిఫా, కార్డిలైన్, డ్రసీనా, అగ్లోనిమా అన్నీ ఆ పేరుతోనే చెలామణి అవుతుంటాయి. పెంపకంలో ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. నీడలో హాయిగా బతికే అగ్లోనిమాకూ, ఎండ తగలకపోతే రంగు తగ్గిపోయే క్రోటన్‌కూ ఒకే చోటు సరిపడదు.

అసలు క్రోటన్ శాస్త్రనామం కోడియేయమ్ వేరియెగేటమ్. ఆముదం, కర్రపెండలం, రబ్బరు చెట్టు, కుప్పింటాకు, క్రిస్మస్ రోజుల్లో అమ్మే పాయిన్‌సెట్టియా ఉన్న యుఫోర్బియేసి కుటుంబమే దీనిదీ. ఇది సతతహరితమైన పొద. నేలలో పెరిగితే సుమారు 3 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, కుండీలో రెండు మూడు అడుగుల దగ్గర కత్తిరించి ఉంచవచ్చు. కాండం గట్టి కర్ర. ఆకులు దళసరిగా, తోలులా, నిగనిగలాడుతూ కొమ్మ చుట్టూ ఒకదాని తరువాత ఒకటి మెలిక తిరిగిన వరుసలో వస్తాయి. ఆకు తుంచితే రసం కారుతుంది. కోలియస్ అయితే కాండం నలుపలకలుగా ఉండి, ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే ఈ రెండింటి తేడా తెలిసిపోతుంది.

పుట్టిల్లు, ప్రయాణం

ఇండోనేషియాలోని మొలుక్కా దీవులు, మలేషియా, న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా, పశ్చిమ పసిఫిక్ దీవులు దీని స్వస్థలం. క్వీన్స్‌లాండ్ అడవుల్లో సహజంగా పెరిగే మొక్కల ఆకులు పచ్చగానే ఉంటాయి. ఇప్పుడు మనం చూసే ఎరుపు, పసుపు, నారింజ, గులాబి, దాదాపు నలుపు అనిపించే ఊదా రంగులన్నీ అప్పుడప్పుడూ పుట్టిన మార్పులను దీవుల ప్రజలు, ఆ తరువాత తోటమాలులు ఏరి కాపాడుకోవడం వల్ల మిగిలినవి. ఇన్ని వందల రకాలూ ఒకే జాతి మొక్క కావడం వృక్షశాస్త్రంలో తరచుగా కనిపించే విషయం కాదు.

ఈ మొక్క గురించి యూరప్‌కు మొదట వివరంగా చెప్పినవారిలో రంఫియస్ ముఖ్యుడు. జర్మనీలో పుట్టి డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో అంబోన్ దీవికి చేరిన ఈయన అక్కడి చెట్టుచేమల మీద జీవితమంతా ధారపోశాడు. 1670లో చూపు పోయింది. 1674 భూకంపంలో భార్యనూ ఒక కూతురినీ కోల్పోయాడు. 1687 అగ్నిప్రమాదంలో గీయించిన బొమ్మలు కాలిపోయాయి. అయినా ఇతరుల చేత రాయించి, మళ్లీ గీయించి గ్రంథం పూర్తిచేశాడు. 1702లో ఆయన మరణించాక నాలుగు దశాబ్దాలకు, 1741 నుంచి, ఆ గ్రంథం 'హెర్బేరియం అంబోయినెన్స్' పేరుతో అచ్చయింది. కోడియేయమ్ అన్న పేరు అందులోదే.

లిన్నేయస్ 1753లో దీన్ని క్రోటన్ ప్రజాతిలో చేర్చాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అద్రియాన్ ద జుస్యూ 1824లో కోడియేయమ్‌ను వేరు చేశాడు. శాస్త్రం సర్దుకుంది కానీ తోటల్లో పాత పేరే నిలిచిపోయింది. ఈ గందరగోళం ఒకచోట మాత్రం ప్రమాదకరం. నిజమైన క్రోటన్ ప్రజాతిలో మన ఆయుర్వేదానికి బాగా తెలిసిన నేపాళం ఉంది. తీవ్రమైన విరేచనాలు కలిగించే నేపాళం నూనెను ఇంగ్లిషులో క్రోటన్ నూనె అంటారు. దానికీ ఇంటి ముందు కుండీలోని మొక్కకూ కుటుంబం ఒకటే తప్ప ఇంకే సంబంధమూ లేదు. అందుకని ఎక్కడో క్రోటన్ వైద్య గుణాల గురించి చదివి ఈ ఆకులు కోయడం ఏమాత్రం తగదు.

క్రోటన్‌కు విక్టోరియా కాలపు ఇంగ్లండులో వచ్చిన మోజు ఇంతా అంతా కాదు. లండన్‌లో పేరుమోసిన వీచ్ నర్సరీ కుటుంబానికి చెందిన జాన్ గూల్డ్ వీచ్ 1865లో 'కురసోవా' అనే బ్రిటిష్ యుద్ధనౌకలో దక్షిణ పసిఫిక్ దీవులు తిరిగి, క్రోటన్లను, డ్రసీనాలను పోగుచేసి తీసుకువెళ్లాడు. వేడిచేసిన అద్దాల ఇళ్లలో సంపన్నులు వీటిని పెంచారు, ఒకదానితో ఒకటి సంకరపరచి కొత్త రకాలు పుట్టించారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మోజు చలిదేశాలను వదిలి అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. అక్కడ క్రోటన్ ఆరుబయట కంచెగా పెరుగుతుంది.

రంగు వెనక జరిగేది

క్రోటన్ ఆకులో మూడు తరహాల వర్ణకాలు ఉంటాయి. పత్రహరితం పచ్చదనాన్ని, కెరోటినాయిడ్లు పసుపు, నారింజలను, ఆంథోసయనిన్లు ఎరుపు, ఊదాలను ఇస్తాయి. ఏ వర్ణకం ఎక్కడ, ఎంత, ఏ వయసులో అన్నదే రకానికీ రకానికీ తేడా. పెట్రా అనే రకం కొమ్మను కొన నుంచి కిందికి చూస్తే ఈ కథంతా కనిపిస్తుంది. కొనలో లేత ఆకు పచ్చగా, ఈనెలు మాత్రం నిమ్మపండు రంగులో ఉంటాయి. రెండు మూడు ఆకులు దిగితే ఈనెల పసుపు నారింజలోకి మళ్లుతుంది. మరింత కింద ఆకు ముదిరి, పచ్చదనం నల్లబారి, ఈనెలూ అంచులూ ఎర్రబడతాయి. ఒకే కొమ్మ మీద నాలుగు రంగులు ఉండటానికి కారణం ఆకుల వయసు.

ఇందులో వెలుతురు పాత్ర పెద్దది. ఆకులో పసుపు మచ్చ ఉన్నచోట పత్రహరితం తక్కువ, అంటే అక్కడ ఆహారం తయారీ తక్కువ. పచ్చటి భాగం ఆ లోటు కూడా పూడ్చాలి. వెలుతురు పుష్కలంగా ఉంటే ఇది కుదురుతుంది. లేకపోతే మొక్క కొత్త ఆకుల్లో పత్రహరితాన్ని పెంచుకుంటుంది, పసుపు కుంచించుకుపోతుంది. ఎరుపుది వేరే లెక్క. ఆంథోసయనిన్లు ఎక్కువ కాంతి వల్ల ఆకుకు కలిగే హానిని తగ్గిస్తాయి కాబట్టి, ఎండ తగిలినచోట బాగా చేరతాయి, నీడలో తగ్గిపోతాయి. డ్రాయింగు రూములో పెట్టిన మొక్క బతికే ఉండి, ఆరు నెలల్లో పచ్చటి మామూలు మొక్కలా మారడానికి కారణం ఇదే. ఎరువు వేసి ఆ రంగును వెనక్కి తేలేం. నత్రజని ఎక్కువైతే పచ్చదనం ఇంకా పెరుగుతుంది. చోటు మార్చడమే మందు. మార్చాక కూడా పాత ఆకుల మీద ఆశ పెట్టుకోకుండా కొత్త చివుళ్ల కోసం చూడాలి.

ఆకారాల్లో వైవిధ్యం రంగులకు తీసిపోదు. వెడల్పు కోలాకు, బల్లెం మొన, మూడు తమ్మెల ఆకు, గడ్డిపోచలా సన్నగా వంగే ఆకు, స్ప్రింగులా మెలితిరిగిన ఆకు అన్నీ ఉన్నాయి. వీటిలో చాలా విచిత్రమైనది తెగిన ఆకు. ఆకు సగం దాకా మామూలుగా పెరిగి ఆగిపోతుంది. అక్కడినుంచి నడిమి ఈనె ఒక్కటే దారంలా అంగుళం దాకా సాగి, దాని కొసన మరో చిన్న ఆకు వేలాడుతుంది. గాలికి ఆ చిన్న ఆకులు విడిగా ఊగుతాయి. పాత ఇళ్ల పెరళ్లలో ఈ రకం ఇప్పటికీ కనిపిస్తుంది.

కొత్తగా పెంచేవారికి పెట్రా, గోల్డ్ డస్ట్ రెండూ మంచివి. చిన్న పచ్చటి ఆకుల మీద పసుపు చిలకరించినట్టు ఉండే గోల్డ్ డస్ట్ మిగతావాటికంటే తక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది. మెలితిరిగిన ఆకుల మామీ, సన్నాకుల జాంజిబార్ అందమైనవే కానీ వాటికి ఎండ తప్పనిసరి.

ఎక్కడ పెట్టాలి

క్రోటన్‌ను ఇంట్లో పెంచే మొక్కల జాబితాలో చేర్చడం వల్ల మేలుకంటే చెరుపే ఎక్కువ జరిగిందనుకోవాలి. ఇది ఎండలో పెరిగే పొద. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే చోట సర్దుకుంటుంది, అంతే. అపార్టుమెంట్లలో తూర్పు బాల్కనీ దీనికి దొరకగల మంచి చోటు. పొద్దున్న మూడు నాలుగు గంటల ఎండ, ఆ తరువాత రోజంతా వెలుతురు చాలు. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు ఆకుల అంచులు మాడి, రంగులు వెలిసిపోతాయి. తెలంగాణ, రాయలసీమల్లో ఆ రెండు నెలలూ 50 శాతం షేడ్ నెట్ కట్టడమో, గోడ నీడకు జరపడమో తప్పదు. కోస్తాలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి మొక్క కాస్త ఎక్కువ ఎండను తట్టుకుంటుంది. ఉత్తరం వైపు బాల్కనీ అయితే క్రోటన్ బదులు అగ్లోనిమా పెట్టుకోవడం మంచిది.

నీడలో పెరిగిన మొక్కను ఉన్నట్టుండి ఎండలో పెడితే పాత ఆకులు కాలిపోతాయి. రోజుకు గంట చొప్పున మొదలుపెట్టి రెండు వారాల్లో అలవాటు చేయాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు పనికిరాదు. ఆ గాలి పొడిగా ఉండి ఆకు అంచులను ఎండబెడుతుంది, ఎర్రనల్లి పురుగును పిలుస్తుంది.

ఇంటి గాలిని శుభ్రం చేస్తుందని చెప్పి క్రోటన్‌ను అమ్మడం కూడా చూస్తున్నాం. కుండీ మొక్కలకు ఆ పేరు 1989లో నాసా చేయించిన ప్రయోగాలతో వచ్చింది. అవి మూసి ఉంచిన చిన్న గదుల్లో జరిగినవి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో అలాంటి ప్రయోగాలు చాలావాటిని తిరిగి లెక్కగట్టారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలని తేల్చారు. క్రోటన్‌ను దాని అందం కోసమే పెంచుకుందాం.

మట్టి, నీరు, ఎరువు

నీరు నిలవని, అయినా తడి కొంతసేపు ఆగే మట్టి కావాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, గుప్పెడు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. నర్సరీ నుంచి వచ్చే మొక్క వేళ్ల చుట్టూ తరచుగా జిగటమట్టి ముద్ద ఉంటుంది. అది ఎండితే రాయిలా గట్టిపడుతుంది. పోసిన నీరు ముద్ద చుట్టూ జారిపోయి కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది, లోపలి వేళ్లకు చుక్క అందదు. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే. కవరు తీసి ముద్దను నీటిలో ఉంచి మెత్తబరచి, అంచుల మట్టిని వేళ్లు తెగకుండా వదులుచేసి, అప్పుడు కుండీలో నాటాలి. ముద్ద మొత్తం పగలగొడితే మాత్రం వేళ్లు తెగి ఆకులన్నీ రాలుతాయి. వానాకాలం మొదట్లో ఈ పని చేస్తే మొక్క త్వరగా తేరుకుంటుంది.

నీళ్లకు వారం లెక్క పెట్టుకోవద్దు. చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితే కింద నుంచి కారేదాకా పోయాలి. తడి ఉంటే ఆగాలి. వేసవిలో బాల్కనీ మొక్కకు రోజూ కావచ్చు, ముసురు రోజుల్లో వారం దాకా అక్కర్లేకపోవచ్చు. నీరు తక్కువైతే ఆకులు కిందికి వాలి, పోసిన కొన్ని గంటలకు లేస్తాయి. ఎక్కువైతే అడుగు ఆకులు పసుపెక్కి రాలి, కాండం మొదలు మెత్తబడుతుంది. రెండోది ముదిరితే కాపాడటం కష్టం.

హైదరాబాదు వంటి చోట్ల బోరునీటిలో లవణాలు ఎక్కువ. కుండీ మట్టి మీద తెల్లటి పొర, ఆకు కొసల్లో గోధుమరంగు మాడు కనిపిస్తే అదే కారణం కావచ్చు. వానల్లో కుండీని ఆరుబయట పెట్టి రెండు మూడు జల్లులకు తడవనిస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది.

ఎరువు పెద్దగా అడగదు. చిగుర్లు వేసే మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, లేదా లీటరు నీటికి 1 గ్రాము చొప్పున 19:19:19 ఎరువు కలిపి పోయవచ్చు. చలికాలంలో ఆపేయాలి. ఆకుల మీద దుమ్మును తడిబట్టతో తుడవడం ఎరువుకంటే ఎక్కువ మేలు చేస్తుంది, దుమ్ము పేరుకుంటే ఆకుకు వెలుతురు అందదు. మెరుపు కోసం నూనెలు రాయడం మాత్రం వద్దు.

ఆకులు రాలినప్పుడు

క్రోటన్ తెచ్చినవారిలో ఎక్కువమందిని భయపెట్టేది ఇదే. మొక్క ఇంటికొచ్చిన వారం పది రోజులకు ఆకులు ఒక్కొక్కటిగా, కొన్నిసార్లు సగానికి సగం రాలిపోతాయి. షేడ్ నెట్ కింద, వందల మొక్కల మధ్య తేమలో పెరిగినది లారీలో గాలికి అల్లాడి, వేరే వెలుతురు, వేరే గాలి ఉన్న చోటికి వచ్చింది. ఈ మార్పును తట్టుకోలేక నీటి ఖర్చు తగ్గించుకోవడానికి ఆకులు వదులుకుంటుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తే అసలు ప్రాణానికే ముప్పు. ఆకులు తగ్గితే తాగే నీరు కూడా తగ్గుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కొమ్మ మీద గోటితో చిన్న గీత గీస్తే సంగతి తేలుతుంది. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టే, పచ్చదనం కనిపించేదాకా కత్తిరించుకుంటూ రావాలి. బతికున్న మొక్కను ఒకచోట కదలకుండా ఉంచి, వేలు గుచ్చి చూసి నీళ్లిస్తే నెల నెలన్నరలో ఆకు రాలిన చోట్ల కొత్త మొగ్గలు ఉబ్బుతాయి. రోజుకో చోటికి మార్చడం ఈ దశలో అన్నిటికంటే చెడ్డది.

కడియం నర్సరీలు, అంట్లు

తెలుగువారి క్రోటన్ల గురించి చెప్పుకోవాలంటే రాజమహేంద్రవరం పక్కన, తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు ప్రాంతానికి వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీరు, గోదావరి ఒండ్రు నేల, గాలిలో తేమ కలిసి ఆ ఊళ్లను నర్సరీల సీమగా మార్చాయి. జాతీయ రహదారి పక్క నుంచే దేశం నలుమూలలకూ లారీల్లో మొక్కలు వెళ్తాయి. అక్కడి మడుల్లో క్రోటన్లు రకాలవారీగా వరుసలు కట్టి ఉంటాయి.

ఒక క్రోటన్ నుంచి కొత్త మొక్కను పెంచే సులువైన మార్గం కొమ్మ ముక్క. నాలుగైదు అంగుళాల చివరి కొమ్మ కోసి, కింది ఆకులు తీసి, రసం ఆగేదాకా నీటిలో ముంచి, ఇసుక కలిపిన కొబ్బరి పొట్టులో గుచ్చి, పైన పారదర్శకమైన కవరు కప్పి నీడలో ఉంచితే ఐదారు వారాల్లో వేళ్లు వస్తాయి. వెడల్పాకుల రకాలకు, పెద్ద కొమ్మలకు గాలి అంటు మేలు.

గాలి అంటు వానలు మొదలయ్యాక కడతారు. పెన్సిల్ మందమున్న కొమ్మను ఎంచుకుని, కొన నుంచి అడుగు దిగువన అంగుళం వెడల్పున చుట్టూ బెరడు వలుస్తారు. కింద కనిపించే జారుడు పొరను కత్తి వీపుతో శుభ్రంగా గీకాలి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుపోయి వేరు రాదు. ఆకులు చేసిన ఆహారం బెరడు గుండానే కిందికి దిగుతుంది. దారి తెగడంతో అది గాటు పై అంచు దగ్గర ఆగుతుంది, వేళ్లు అక్కడ పుడతాయి. నీరు లోపలి కర్ర గుండా పైకి వెళ్తూనే ఉంటుంది కాబట్టి కొమ్మ వాడదు. వలిచిన చోట తడిపి పిండిన నాచు గుండ్రంగా అద్ది, పాలిథిన్ చుట్టి రెండు కొసలూ గట్టిగా కడతారు. నెలన్నర, రెండు నెలలకు పాలిథిన్ లోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తే కట్టు కింద కోసి కుండీలో నాటుకోవడమే.

గింజలతోనూ పెంచవచ్చు కానీ అది వేరే ఆట. ఒకే మొక్క మీద మగ పూలు తెల్లటి చిన్న కుచ్చుల్లా, ఆడ పూలు పూరేకులు లేకుండా వేర్వేరు గెలలుగా వస్తాయి. కాయలో మూడు గింజలుంటాయి. వాటి నుంచి వచ్చే మొలకలు తల్లిలా ఉండవు, ఏ రెండూ ఒకేలా ఉండవు. చాలావరకు సాదా పచ్చవి, ఒకటో రెండో కొత్త రంగువి. నచ్చిన దాన్ని నిలబెట్టుకోవాలంటే మళ్లీ కొమ్మతోనే పెంచాలి. ఈ ఓపిక ఉన్నవారి వల్లనే ఇన్ని రకాలు వచ్చాయి.

పురుగులు, రసం

పొడి వేసవిలో ఎర్రనల్లి వస్తుంది. ఆకు అడుగున సన్నని బూజు, పైన సూదిపొడుపుల్లా తెల్ల చుక్కలు దీని గుర్తు. పైపుతో ఆకుల అడుగు భాగానికి తగిలేలా నీరు చిమ్మడం మొదటి వైద్యం. తరువాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట, వారం తేడాతో రెండు మూడుసార్లు చల్లాలి. ఆకు కాడల మొదట్లో దూదిలా కనిపించేది పిండినల్లి. తక్కువగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయవచ్చు. కుండీ ఎక్కే చీమల బారును తేలిగ్గా తీసుకోవద్దు, పిండినల్లి, పొలుసు పురుగులు విడిచే తీపి కోసమే అవి వస్తాయి.

కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. రసం కొందరి చర్మానికి దద్దుర్లు తెస్తుంది, బట్టల మీద పడితే పోని మరక చేస్తుంది. బెరడు, వేళ్లు నమిలితే నోరు మండుతుంది, గింజలు విషపూరితం. పాకే పిల్లలు, మొక్కలు కొరికే కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో కుండీని అందని ఎత్తులో పెట్టాలి.

చలిదేశాల్లో

ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగితే క్రోటన్ ఆకులు రాల్చేస్తుంది, మంచు పడితే చచ్చిపోతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో, బ్రిటన్‌లోనో ఉండే తెలుగువారు వేసవిలో దీన్ని బయట పెట్టినా, సెప్టెంబరులో రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగకముందే లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకుల అడుగు కడిగి పురుగులు లేవని చూసుకోవాలి, లేకపోతే హీటరు వేడికి ఎర్రనల్లి ఇంట్లో రెచ్చిపోతుంది. దక్షిణం వైపు కిటికీ మేలు. డిసెంబరు, జనవరుల్లో అక్కడి పగటి వెలుతురు చాలదు, రోజుకు 12 గంటల దాకా గ్రో లైట్ వెలిగిస్తే రంగు నిలుస్తుంది. నీళ్లు సగానికి తగ్గించాలి, అవి కుళాయిలోంచి వచ్చిన మంచుచల్లటి నీళ్లు కాకుండా గది వేడికి వచ్చినవై ఉండాలి. మే నెలలో మళ్లీ బయటికి పంపేటప్పుడు మొదటి వారం చెట్టు నీడలో ఉంచి, ఆ తరువాత పొద్దుటి ఎండకు జరపాలి.